తప్పు వడ్డిస్తే దగ్గు

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. మా అబ్బాయి తిమోతి నాలుగు నెలలుగా మాంసం ముట్టడం లేదు. ఎందుకురా అంటే "ఊరికే" అంటాడు. వయసు ఇరవై ఎనిమిది, నంద్యాలలో విత్తనాల కంపెనీలో ఫీల్డాఫీసరు, వారానికోసారి ఆళ్ళగడ్డకు ఇంటికి వస్తాడు. అలాంటివాడు "ఊరికే" అన్నాడంటే ఆ మాట వెనకాల ఏదో నక్కి ఉందని తెలుసుకోవడానికి తల్లే కానక్కర్లేదు. పోయిన ఆదివారం మా చర్చిలో కోత పండుగ జరిగింది. విశ్వాసులు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్నలు అన్నీ అయ్యాక చివర్లో పొట్టేలు వేలానికి వచ్చింది. పదకొండేళ్ళుగా ఆ పొట్టేలును మా ఆయన జ్ఞానప్రకాశం సారే పాడుకుంటున్నారు. సంఘపెద్ద కదా అని ఎవరూ పోటీకి రారు. ఆయన ఒక పాట పాడడం, పాస్టరు గారు బల్ల మీద మూడుసార్లు కొట్టడం, అంతే తంతు. ఈసారి వెనక బెంచీలోంచి పోటీకి ఒకడు లేచాడు. ముక్క ముట్టని మా కొడుకు. తండ్రి ఒకటంటే కొడుకు ఇంకొకటి, తండ్రి ఇంకొకటంటే కొడుకు మరొకటి. పాస్టరు గారికి ఎవరి వైపు తిరగాలో తెలియక మెడ నొప్పి పట్టింది. చివరికి పొట్టేలు కొడుకు పేరున మా ఇంటికే చేరింది.

అప్పటినుంచి అది మా జామచెట్టు కింద ఉంది. ఆరు రోజుల్లో నా రెండు పూలకుండీలూ, ఒక దుప్పటి అంచూ, చర్చి క్యాలెండరులో మార్చి నెలా తినేసింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. మాంసం మానేసినవాడికి పొట్టేలెందుకు?

మా ఆయనకు మాత్రం అనుమానాలు లేవు. వాడు దారికొచ్చాడనీ, పాడుకున్నది తినడానికి కాకపోతే బడికి పంపడానికా అనీ తేల్చేశారు. శనివారం నంద్యాల వాళ్ళు వస్తున్నారు కాబట్టి ఆ పూటకే కోయిద్దామని మాంసం కొట్టతనికి చెప్పి కూడా వచ్చారు. శుక్రవారం సాయంత్రం బస్సు దిగిన తిమోతి ఆ సంగతి విని, చెప్పులు విప్పకుండానే పొట్టేలు దగ్గరికి పోయి నిలబడ్డాడు. అది కోయడానికి కాదన్నాడు. మరి దేనికిరా అంటే మళ్ళీ అదే మాట. ఊరికే.

నంద్యాల వాళ్ళంటే జెస్సికా తరఫువాళ్ళు. తిమోతి తనంతట తానే తెచ్చుకున్న సంబంధం. అమ్మాయి నంద్యాలలో ఏదో ఆఫీసులో పని చేస్తుందనీ, యూత్ మీటింగులో చూశాననీ చెప్పాడు. మా వాడు యూత్ మీటింగుకు పోయి పదేళ్ళవుతోంది. అయినా అమ్మాయి ఫొటో చూశాక నేను వివరాల్లోకి వెళ్ళలేదు. ఈ శనివారం వాళ్ళు మా ఇంట్లో భోజనం చేసి, ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, తారీఖు అనుకుని వెళ్ళాలి.

అంతా సవ్యంగానే ఉండేది, గురువారం వియ్యపురాలు కాబోయే ఎస్తేరు ఫోన్ చెయ్యకపోతే. అబ్బాయి నీసు ముట్టడని ఎవరో చెప్పారట. ఆమెకు మూడు భయాలు పట్టుకున్నాయి. కడుపులో ఏమైనా జబ్బా, ఎవరికైనా మాటిచ్చాడా, లేకపోతే సంఘం విడిచి ఇంకో దారిలోకి పోతున్నాడా. ఆమె మెత్తగా అడిగింది గానీ చివర మాట మెత్తగా లేదు. ఏ సంగతీ తేలకుండా పిల్లను ఇవ్వలేమని చెప్పేసింది.

ఆమెకు మూడే. నాకు అప్పటికే ఏడెనిమిది భయాలున్నాయి. మూలశంక అనుకున్నాను. యోగా అనుకున్నాను. విత్తనాల మధ్య తిరిగి తిరిగి మొక్కల మీద ప్రేమ పుట్టిందేమో అనుకున్నాను. వాడు స్నానానికి పోయినప్పుడు సంచీ వెతికాను. వేరుశనగ పప్పుల పొట్లం, మాసిన సాక్సులు, టొమాటో నారు మీద ఒక కరపత్రం దొరికాయి. ఆ మూడింటినుంచీ ఏ నిర్ణయానికీ రాలేకపోయాను.

నాకు తెలిసిన వైద్యం ఒకటే, వండి పెట్టడం. నాలుగు నెలలుగా ప్రతి వారం వాడికి చిన్నప్పటినుంచీ ఇష్టమైనవి ఒక్కొక్కటిగా వండుతూ వచ్చాను. ఒక వారం తలకాయ కూర, ఒక వారం బోటీ, ఒక వారం సంగటిలోకి నాటుకోడి, ఉప్పు పట్టించి ఎండబెట్టిన తునకలు ఒకసారి. వాసనకైనా చెయ్యి చాపుతాడని. వాడు పప్పూ మజ్జిగా పోసుకుని లేచిపోయేవాడు. గిన్నె మాత్రం ఎన్నడూ మిగలలేదు. వండింది పారబోస్తే పాపమని మా ఆయన నమ్మకం. ఆ పాపం మా ఇంట్లో ఒక్క వారం కూడా జరగకుండా చూసుకున్నారు.

*

శనివారం పొద్దున ఆరున్నరకే ఆయన కొట్టుకు పోయి రెండు కిలోల మాంసం తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. పొట్టేలును కోయనివ్వకపోతే కొట్టు లేదా అని ఆయన పట్టుదల. తరువాత పెరట్లోకి నడిచారు. తిమోతి పొట్టేలుకు నీళ్ళు పెడుతున్నాడు. నేను కిటికీ దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఉల్లిపాయలకు కిటికీ దగ్గరే వెలుతురు బాగుంటుంది.

"ఏమిరా, ఈ దినం వాళ్ళ ముందర రెండు ముక్కలు తినాల నువ్వు," అన్నారు ఆయన. "లేకుంటే ప్రధానం తారీఖు నా నోట్లోంచి రాదు."

ఉత్త బెదిరింపు కాదది. మా ఇళ్ళలో అందరూ తిని చేతులు కడుక్కున్నాక పిల్లవాడి తండ్రి లేచి తారీఖు చెప్పాలి. పిల్ల తరఫువాళ్ళు ఆమెన్ అనాలి. తండ్రి లేవకపోతే ఆ పూట తిన్నది ఉత్త భోజనమే అవుతుంది. రెండోసారి ఎవరూ రారు.

తిమోతి బకెట్టు కింద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"నువ్వు మానేయ్ నాయనా. నువ్వు మానేసిన దినం నేను తింటా."

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెప్తున్న మనిషి ఆయన. ఎదురు మాటాడిన పిల్లవాడిని ఆయన ఊరికే వదలడం నేను చూడలేదు. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు చెయ్యి లేస్తుంది అని కత్తి ఆపి చూశాను. ఏదీ జరగలేదు. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని కిటికీ వైపు చూశారు, నేను విన్నానా అన్నట్టు. నేను ఉల్లిపాయ మీదికి వంగాను. ఆయన మెల్లగా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, బిగుసుకున్న చెప్పులు కష్టం మీద లాగి పక్కన పెట్టారు.

ఆ కళ్ళద్దాల సంగతి కూడా చెప్పాలి. ఎడమ కాడ విరిగితే నల్లదారం చుట్టుకుని నెట్టుకొస్తున్నారు. నాలుగు నెలల కింద కొత్తవాటి కోసమని తండ్రీ కొడుకులిద్దరూ నంద్యాల పోయారు. పొద్దున పోయినవాళ్ళు సాయంత్రానికి గానీ రాలేదు. అద్దాలు తయారు కావడానికి టైము పడుతుందన్నారు. ఇంకా పడుతూనే ఉంది.

కొడుకన్న మాటే నాకు కొరుకుడు పడలేదు. తండ్రి మానేస్తే కొడుకు తింటాడట. ఇంటికి ఒక్కరే తినాలని కొత్త చట్టమేమైనా వచ్చిందా? తరిగిన ఉల్లిపాయలనే రెండోసారి తరుగుతున్నానని చాలాసేపటికి గాని చూసుకోలేదు.

*

పన్నెండింటికి వాళ్ళు దిగారు. జెస్సికా నాయన ప్రేమ్ సాగర్, ఎస్తేరు, జెస్సికా, ఒక పెద్ద గెల మహానంది అరటిపండ్లు. వందనాలు అయ్యాక ప్రేమ్ సాగర్ నేరుగా జామచెట్టు దగ్గరికి పోయాడు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. పొట్టేలు చుట్టూ ఒక చుట్టు తిరిగి, పక్కటెముకల మీద తట్టి, శబ్దం విని, కండిషను బాగుందన్నాడు. ఎప్పుడు కోస్తున్నారని అడిగాడు. మా ఆయన కొడుకు వైపు చూశారు. కొడుకు చెట్టు వైపు చూశాడు. కోయడానికి కాదని నేను చెప్పాల్సి వచ్చింది. మరి పాలకా అని అడిగాడాయన. పొట్టేలు పాలివ్వదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మర్యాదకు ఇద్దరం నవ్వాం. ఎస్తేరు నవ్వలేదు. ఆమె చూపు తిమోతి పొట్ట మీద ఉంది, జబ్బు బయటికి కనపడుతుందేమో అన్నట్టు.

ఎస్తేరును ముందుగదిలో కూర్చోబెట్టి నేను వంటింట్లోకి వచ్చాను. వెనకే జెస్సికా వచ్చింది. కొంగు దోపుకోవడం, మూత తీసి ఆవిరి ముఖాన కొట్టకుండా పక్కకు జరగడం చూసి, ఈ పిల్ల వంటింటికి చుట్టం కాదని అర్థమైంది. అంతవరకూ బాగుంది. మాంసం కూర, బగారన్నం, సంగటి, పప్పు, మామిడికాయ ఊరగాయ, తిమోతి కోసం సొరకాయ కూర అన్నీ వరసగా పెట్టుకుని, ఇక దాచి లాభం లేదని నేనే మొదలెట్టాను. వాడు మాంసం మానేశాడమ్మా, నీకేమైనా పట్టింపా అని అడిగాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. నేను పరాచికాలాడుతున్నానా అని చూసినట్టుంది.

"ఎవరు ఆంటీ? తిమోతినా?" అంది. "మొన్న బేస్తవారం గూడా బస్టాండు కాడ బండి మీద చికెన్ పకోడి తిన్నాడే. నా పొట్లం గూడా వాడే తిన్నాడు."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నాలుగు నెలల తలకాయ కూరలు, బోటీలు, నాటుకోళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. వాడు తింటున్నాడు. నంద్యాలలో, బండి మీద, పక్కపిల్ల పొట్లంలోది కూడా తింటున్నాడు. వదిలేసింది నా గిన్నెలోది మాత్రమే. జబ్బయితే పోనీ అనుకోవచ్చు, మొక్కయితే సరే అనుకోవచ్చు. ఇదేమిటి? నా చేతి వంట మీద ఎప్పుడు విరక్తి పుట్టింది?

అమ్మాయి ముందు కళ్ళు తుడుచుకోవడం బాగుండదని మాట మార్చాను. మీరిద్దరూ ఏ యూత్ మీటింగులో కలుసుకున్నారని అడిగాను. ఏ మీటింగూ కాదట. తను రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులిచ్చే కౌంటరులో కూర్చుంటుందట. తిమోతిని మొదటిసారి చూసింది అక్కడేనట.

ల్యాబుకు వాడెందుకు వచ్చాడన్నాను.

జెస్సికా జవాబు చెప్పబోయి ఆగింది. ఆమె చూపు నా వెనక గట్టు మీదికి పోయింది. అక్కడ మా ఆయన గిన్నె వేరుగా తీసిపెట్టి ఉంది. మూలగ ఎముకలు, కాలేయం, పైన తేరిన నూనె. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన గిన్నె అలాగే వేరుగా తీస్తాను.

"అది ఎవరికి ఆంటీ?" అంది.

మీ మామకు అన్నాను. తిమోతి తినడు కదా, వాడి వంతు కూడా ఆయనే తింటారన్నాను. ఆ పిల్ల ముఖం మారిపోయింది.

"మీకు తెలీదా?" అంది. వెంటనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఎంత అడిగినా ఇంకో మాట రాలేదు. ల్యాబులో చూసినవి బయట చెప్పకూడదట. చెప్పినట్టు తెలిస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారట. తనను ఏమీ అడగొద్దని రెండు చేతులూ జోడించింది. పెళ్ళిచూపులకు వచ్చిన పిల్ల నా వంటింట్లో దండం పెడుతుంటే ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. మొదట కొడుకే గుర్తొచ్చాడు. వాడి రక్తంలోనే ఏదో ఉంది, బయట పకోడీ అన్నది నన్ను ఊరడించడానికి చెప్పిందేమో. తరువాత ఆ గిన్నె వైపు పోయిన చూపు గుర్తొచ్చింది. మళ్ళీ కొడుకు, మళ్ళీ గిన్నె. ఎటూ తేలలేదు. ముందుగదిలోంచి ఆయన ఆకలిగా ఉందని పిలుస్తున్నారు.

డిగ్రీ చదివేటప్పుడు పరీక్షల్లో మా ముందు బెంచీ పిల్ల నోరు విప్పకుండానే నాకు జవాబులు అందించేది. ఆ విద్య ఇన్నేళ్ళకు పనికొచ్చింది.

"నువ్వేం చెప్పొద్దు తల్లీ," అన్నాను. "నేను వడ్డిస్తా. నువ్వు నా వెనకాల నీళ్ళ జగ్గు పట్టుకోని నిలబడు. తప్పు వడ్డిస్తే దగ్గు."

*

ముగ్గురు మగవాళ్ళూ, ఎస్తేరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మా ఆయన ప్రార్థన చేశారు. ఎన్నడూ లేనిది చిన్న ప్రార్థన.

మొదట ప్రేమ్ సాగర్ పళ్ళెంలో మాంసం వేశాను. వెనక నిశ్శబ్దం. ఎస్తేరు పళ్ళెంలో వేశాను. నిశ్శబ్దం. తరువాత తిమోతి. వాడు చెయ్యి అడ్డం పెట్టకముందే గరిటెను వాడి పళ్ళెం మీదికి తెచ్చి, గాలిలో ఆపి, చెవులు వెనక్కి పెట్టి నిలబడ్డాను. రెండు క్షణాలు. మూడు. ఏమీ వినపడలేదు. నా కొడుకు రక్తంలో ఏమీ లేదు. ఊపిరి పీల్చుకుని గరిటె వెనక్కి తీశాను. వాడు నన్ను వింతగా చూశాడు.

అప్పుడు మా ఆయన దగ్గరికి వచ్చాను. గిన్నెలోంచి మూలగ ఎముక ఇంకా పైకి తేలలేదు, వెనక దగ్గు వినపడింది.

గరిటె దించాను. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ దగ్గింది.

"దుమ్ము పడదు దీనికి," అంది ఎస్తేరు నొచ్చుకుంటూ.

"నీళ్ళు తాగు పాపా," అన్నాడు ప్రేమ్ సాగర్. కార్బురేటరు శబ్దం విన్నట్టు తల పక్కకు వంచి.

చేతిలో ఉన్నది జగ్గే కాబట్టి ఆ పిల్ల బుద్ధిగా నీళ్ళు తాగింది. నేను ఊరగాయ చెంచా తీశాను. దగ్గు. పప్పు గిన్నె ఎత్తాను. సగం దగ్గి ఆగిపోయింది, కొంచెం వెయ్యొచ్చు కాబోలు. వాళ్ళు తెచ్చిన మహానంది అరటిపండు ఒకటి తుంచి ఆయన పళ్ళెం పక్కన పెట్టబోయాను. గట్టిగా దగ్గింది. అరటిపండుకు కూడా ఎందుకు దగ్గిందో నాకు బొత్తిగా అర్థం కాలేదు. మాంసం వద్దు, ఉప్పు వద్దు, అరటిపండు వద్దు. ఇదేం లెక్క? నేను వెర్రిదానిలా గిన్నెలు ఎత్తుతూ దించుతూ ఉంటే ఆయన చేతి వేళ్ళు బల్ల మీద కొట్టుకుంటున్నాయి.

"ఏందీ ఆలస్యం. మాంసం గిన్నె ఇట్ల తే."

ఆయన ముఖంలోకి చూశాను. మాంసం కూర ఆవిరికి కళ్ళద్దాలు మసకేశాయి. ఎడమ కాడకు నల్లదారం. నాలుగు నెలల కింద పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చిన మనుషులు. అద్దాలకు కొలతలు తీయడానికి అంతసేపు పడుతుందా? బల్ల కిందికి చూశాను. ఆయన పాదాలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. వేళ్ళ మధ్య సందు లేదు. కిడ్నీలు చెడితే కాళ్ళకు నీరు అలాగే దిగుతుందని విన్నదాన్నే. బడిలో నిలబడి నిలబడి అని చెప్తే రోజూ వేన్నీళ్ళు పెట్టి ఇచ్చాను. రోజూ చూశాను. వారం వారం మూలగ ఎముకలు వేరుగా తీసిపెట్టిన చేత్తోనే ఆ వేన్నీళ్ళూ పెట్టాను.

కొడుకు వస్తున్నాడనే ఈ ఇంట్లో మాంసం వండుతాను. కొడుకు తినడం మానేస్తే వండడం మానేస్తాననుకున్నాడు వాడు. అమ్మకు చెప్పనని తండ్రికిచ్చిన మాట తప్పకుండా పొయ్యి ఆర్పడానికి వాడికి దొరికిన దారి అది. నేనేమో వాణ్ణి దారికి తేవడానికి ఇంకా ఎక్కువ వండాను. వాడు పొట్టేలును కూడా ఆయనకు అందకుండా పాడుకున్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్యలో గరిటె పట్టుకుని నిలబడి, నేను వైద్యం చేస్తున్నాననుకున్నాను.

సొరకాయ గిన్నె ఎత్తాను. వెనక చడీచప్పుడు లేదు. ఆయన పళ్ళెంలో ఒక గరిటె వేశాను. ఇంకొకటి వేశాను.

"నేనడిగింది ఇది కాదు," అన్నారు.

మూడో గరిటె కూడా వేశాను. తరువాత ఆయన కోసం తీసిపెట్టిన గిన్నె తీసుకుపోయి, మూలగ ఎముకలతో సహా తిమోతి పళ్ళెంలో వంచాను.

తిమోతి తన పళ్ళెం చూసుకోలేదు. తండ్రి పళ్ళెం చూశాడు. తెల్లగా, నీరు కారుతున్న సొరకాయ ముక్కలు. తరువాత నన్ను చూశాడు. తల దించుకుని ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకటి పెట్టుకున్నాడు. ఎస్తేరు కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నిట్టూర్చింది. ఆమె మూడు భయాలూ ఒక్కసారే దిగిపోయినట్టున్నాయి.

"తింటాండాడు గదా," అంది భర్తతో. "ఊళ్ళోవాళ్ళు ఏమేమో చెప్తారు."

మా ఆయన తినలేదు. కళ్ళద్దాలు తీసి పళ్ళెం పక్కన పెట్టారు. అద్దాలు లేని ఆయన ముఖం చాలా ఏళ్ళుగా నేను పగటిపూట చూడలేదు. నిద్ర లేచినవాడిలా, కాస్త చిన్నవాడిలా ఉన్నారు. గొంతు తగ్గించి అడిగారు.

"ఎవరు చెప్పినారు నీకు?"

తిమోతి నమలడం ఆపాడు. నా వెనక, అంతసేపూ దగ్గిన గొంతులో ఊపిరి కూడా వినపడలేదు. వాడి పేరు చెబితే తండ్రికిచ్చిన మాట తప్పినవాడవుతాడు. ఆ పిల్ల పేరు చెబితే ఉద్యోగం పోతుంది, ఈ ఇంటి కోడలు కాకముందే మామ గుట్టు బయటపెట్టినదవుతుంది. తారీఖు చెప్పాల్సిన నోరు ఆయనదే.

"అద్దాల షాపాయప్ప," అన్నాను.

ఆయన నన్ను చూశారు. అద్దాలు లేవు కాబట్టి ఎంతవరకు కనపడ్డానో తెలియదు.

"అద్దాల షాపాయప్పకు కూర సంగతి ఏం తెలుసక్కా?" అన్నాడు ప్రేమ్ సాగర్. ఆ ప్రశ్నకు జవాబుగా అడిగినవాడి పళ్ళెంలో ఇంకో రెండు ముక్కలు వేశాను.

మా ఆయన సొరకాయ కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నారు. ముఖం చిట్లించకుండా, పిల్లలకు ఆదర్శంగా ఉండాల్సిన మేష్టరులా తిన్నారు. లేచి చెయ్యి కడుక్కున్నారు. తువ్వాలుతో తుడుచుకుంటూ, ఇంకా అందరూ తింటుండగానే, గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నారు. తారీఖు చెప్పబోతున్నారని ఎస్తేరు కొంగు తల మీదికి లాక్కుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సంబంధం నిలిచింది, గుట్టూ నిలిచింది. ఇక ఆయనకు ఏ కూర వండాలో నేర్చుకుంటే చాలు, అంతే కదా అనుకున్నాను.

"ప్రధానం వేరేగా వద్దు," అన్నారు ఆయన. "ఈ నెలాఖరుకే పెండ్లి పెట్టుకుందాం."

నెలాఖరుకు ఇంక పద్దెనిమిది రోజులే ఉన్నాయి. మా సంఘంలో ప్రధానం లేకుండా పెళ్ళి ఎవరూ చేయరు. సంఘపెద్ద అసలే చేయడు. ప్రేమ్ సాగర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఎస్తేరు ఆమెన్ అనాలో వద్దో తేల్చుకోలేక భర్తను చూసింది. తిమోతి లేచి నిలబడ్డాడు. వాడి ముఖం చూస్తే ఈ తొందర ఎందుకో వాడికీ తెలియదని అర్థమైంది. ఏ గిన్నె ఆపాలో ఇందాకే తెలుసుకున్నాను. ఆ ల్యాబు కాగితంలో జబ్బు ఎంత ముదిరిందని ఉందో మాత్రం నేను ఎవరినీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఎందుకు సారూ ఇంత బిరబిరా?" అన్నాడు ప్రేమ్ సాగర్.

మా ఆయన తువ్వాలు భుజం మీద వేసుకున్నారు. నా వైపు చూడలేదు.

"ఊరికే," అన్నారు.

నా వెనక జెస్సికా దగ్గింది.